పిట్టగోడ మీద బతికే రావి, హాల్లో చచ్చిపోయే బోన్సాయ్

తిరుపతిలో ఏ పాత మిద్దెనైనా తలెత్తి చూడండి. పిట్టగోడ పగుల్లోనో, వాననీటి గొట్టం మూలలోనో ఒక రావిమొక్క నిలబడి ఉంటుంది. దానికి ఎవరూ నీళ్లు పోయరు, ఎరువు వేయరు. కాకి రెట్టతో వచ్చిన గింజ, గుప్పెడు సున్నం పెళ్లలు, మే నెల కత్తిరి ఎండలు, నవంబరు తుపాను వానలు, అంతే దాని ఆస్తి. సంక్రాంతికి సున్నాలు వేసేటప్పుడు నరికేస్తే ఉగాదికి మళ్లీ చిగురు పెడుతుంది. అదే మిద్దె కింద హాల్లో, టీవీ పక్కన పింగాణీ తట్టలో, వెయ్యి రూపాయలు పోసి తెచ్చుకున్న బోన్సాయ్ మాత్రం మూడు నెలలు తిరక్కుండా ఆకులన్నీ రాల్చి ఎండుపుల్లై పోతుంది. రెండూ మర్రి కుటుంబానివే. పైది ఎందుకు బతికింది, కిందిది ఎందుకు చచ్చింది?

పైదానికి ఆకాశమంత వెలుగు ఉంది, వేళ్లకు గాలి ఆడుతోంది. కిందిదానికి ఆ రెండూ లేవు. ఉన్నదల్లా రోజూ పొద్దున పడే గ్లాసుడు నీళ్లు. మొక్క పోయిన ప్రతిసారీ "నా చేతిలో చలవ లేదు" అని బాధపడేవాళ్లు చాలామంది ఉన్నారు. చేతి చలవకూ దీనికీ సంబంధం లేదు. ‘ఇండోర్ బోన్సాయ్’ అన్న మాటే కొత్తవాళ్లను తప్పుదారి పట్టిస్తోందని నా గట్టి అభిప్రాయం. గదిలో బతకడానికి పుట్టిన చెట్టంటూ ఏదీ లేదు. గదిని కొంతకాలం ఓర్చుకునే చెట్లు ఉన్నాయి, ఓర్చుకోలేనివి ఉన్నాయి. ఎంతకాలం ఓర్చుకుంటుందన్నది మనం ఇచ్చే వెలుతురును బట్టీ, తట్టలో నింపిన మట్టిని బట్టీ ఉంటుంది. నీళ్ల సంగతి ఆ తర్వాతే.

జపాను భాషలో బోన్ అంటే లోతులేని తట్ట, సాయ్ అంటే నాటడం. తట్టలో నాటిన చెట్టని అర్థమే తప్ప గదిలో ఉంచే చెట్టని కాదు. అక్కడ బోన్సాయ్‌లు మామూలుగా ఆరుబయట బల్లల మీదే ఉంటాయి. పండక్కో, అతిథులు వచ్చినప్పుడో ఒకటి రెండు రోజులు లోపలికి తెచ్చి, మళ్లీ బయట పెట్టేస్తారు. ఆ పద్ధతిలోంచి లోపలికి తేవడం ఒక్కటే మన దాకా వచ్చింది, బయట పెట్టడం రాలేదు.

వెలుతురు సంగతి

మన కళ్లు మనల్ని మోసం చేస్తాయి. వెలుతురు తగ్గేకొద్దీ కంటిపాప పెద్దదవుతుంది కాబట్టి హాలు మనకు వెలుగ్గానే కనిపిస్తుంది. కొలిస్తే తేలుతుంది తేడా. నడి మధ్యాహ్నం మిద్దె మీద ఎండ దాదాపు 1,00,000 లక్సులు (లక్సు అంటే వెలుతురును కొలిచే ప్రమాణం). కిటికీకి ఆనుకుని, నేరుగా ఎండ పడని చోట 2,000 నుంచి 5,000 దాకా ఉంటుంది. అక్కడి నుంచి పది అడుగులు లోపలికి నడిస్తే 100–300 మిగులుతుంది. ఫోన్లో లక్సు కొలిచే ఉచిత యాప్‌లు ఉన్నాయి. కచ్చితంగా చూపించకపోయినా రెండు చోట్ల మధ్య తేడా చెప్పడానికి చాలు. జేడ్, అడీనియం (ఎడారి గులాబీ) లాంటి రసపు మొక్కలు, అంటే ఆకుల్లో, కాండంలో నీరు దాచుకునేవి, గుబురుగా పెరగాలంటే రోజులో కనీసం నాలుగు గంటలు 10,000 లక్సులకు పైగా ఉండాలి. టీవీ స్టాండు మీద దానికి ముప్పయ్యో వంతు కూడా దొరకదు. అక్కడ మొక్క తిండి లేకుండా ఉన్నట్టే. కాండంలో దాచుకున్న నిల్వ అయ్యేదాకా బతుకుతుంది. ఆ మూడు నెలల లెక్క ఇదే.

ఫోను కూడా అక్కర్లేని పరీక్ష ఒకటుంది. మొక్క పెట్టాలనుకున్న చోట తెల్ల కాగితం పరచి, దానికి అడుగు ఎత్తున అరచెయ్యి పెట్టండి. వేళ్లు విడివిడిగా తెలిసేంత గట్టి నీడ పడితే ఆ చోటు మంచిది. నీడ అంచులు చెదిరిపోయి ఉత్త మచ్చలా కనిపిస్తే చాగనార జాతి మొక్క, అంటే నర్సరీల్లో స్నేక్ ప్లాంట్ అని అమ్మేది, మాత్రమే అక్కడ ఉండగలదు. నీడే పడకపోతే అక్కడ మొక్క పెట్టకండి, బొమ్మ పెట్టుకోండి.

ఏ దిక్కు కిటికీ అన్నది మన ఊళ్లో జాగ్రత్తగా ఆలోచించాల్సిన విషయం. పరదేశాల వాళ్లు రాసిన సలహాల్లో ‘దక్షిణపు కిటికీ శ్రేష్ఠం’ అని ఉంటుంది. మనకది పూర్తిగా వర్తించదు. తిరుపతి దాదాపు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరి వారంలో సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు, అక్కడి నుంచి ఆగస్టు మూడో వారం దాకా మధ్యాహ్నప్పూట మనకు కాస్త ఉత్తరంగానే ఉంటాడు. అంటే ఆ నాలుగు నెలలు దక్షిణపు కిటికీలోకి నేరుగా ఎండే రాదు. ఉత్తరపు బాల్కనీకి మాత్రం పొద్దునా సాయంత్రం పలచటి ఎండ తగులుతుంది. డిసెంబరులో తిరగబడుతుంది. సూర్యుడు దక్షిణానికి వాలి, దక్షిణపు కిటికీలోంచి నాలుగైదు అడుగుల లోపలికి ఎండ పంపిస్తాడు. అందుకే ఏడాదంతా ఒకే చోట ఉంచాలనుకుంటే తూర్పు బాల్కనీకి మించినది లేదు. పొద్దున ఆరున్నర నుంచి పది దాకా వచ్చే ఎండ కొత్తవాళ్ల మొక్కకు కావలసినంత. పడమటి కిటికీ చలికాలంలో బాగుంటుంది గానీ, ఏప్రిల్ నుంచి జూన్ దాకా మధ్యాహ్నం రెండు తర్వాత గ్రిల్లు ఇనుమే చెయ్యి కాలుస్తుంది. అక్కడుంటే తట్టను రెండు అడుగులు వెనక్కి జరపండి, లేదా సగం ఎండ ఆపే పచ్చ నెట్ కట్టండి.

హాల్లో నెలల తరబడి ఉన్న మొక్కను ఇది చదివిన వెంటనే ఎండలో పెట్టొద్దు. మసక వెలుతురులో ఎదిగిన ఆకు పల్చగా ఉంటుంది, ఒక్క మధ్యాహ్నానికే తెల్లగా కాలిపోతుంది. మొదటి మూడు రోజులు పొద్దుటి ఎండ గంట చాలు, తర్వాత మూడు రోజులకొక గంట చొప్పున పెంచుకుంటూ పోండి. రెండు వారాల్లో అలవాటు పడుతుంది.

బాల్కనీ లేని అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లకు దీపమే దారి. మామూలు తెల్ల ఎల్‌ఈడీ ట్యూబులైట్లు, 20 వాట్లవి రెండు, మొక్క కొసకు 20–25 సెంటీమీటర్ల ఎత్తున కట్టి రోజుకు 12 గంటలు వెలిగించాలి. ఊదారంగు ‘గ్రో లైట్’ అక్కర్లేదు. పైకప్పుకున్న ట్యూబులైటు వెలుగు మొక్క దగ్గరికి వచ్చేసరికి ఏమీ మిగలదు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

తట్టలో ఏం జరుగుతుంది

అందరూ నీళ్లు ఎప్పుడు పోయాలని అడుగుతారు. ముందు అడగాల్సింది పోసిన నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయని. ఇది అర్థమైతే మిగతాదంతా సులువు, అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను.

గిన్నెలు తోమే స్పాంజిని నీళ్లలో ముంచి, బాగా తడిశాక అరచేతిలో పడుకోబెట్టి పట్టుకోండి. కాసేపు కారి ఆగిపోతుంది. ఇప్పుడు అదే స్పాంజిని నిలువుగా తిప్పండి. ఆగిపోయిందనుకున్న నీరు మళ్లీ ధారగా కారుతుంది. స్పాంజి అదే, ఎత్తు మారింది, అంతే. ఏ మట్టి అయినా అడుగున కొంత మందం నీటిని వదలకుండా పట్టి ఉంచుతుంది. ఆ మందం మట్టి రేణువుల సైజును బట్టి ఉంటుంది తప్ప కుండీ లోతును బట్టి కాదు. మెత్తటి మట్టిలో ఆ తడి పొర నాలుగు సెంటీమీటర్లు ఉందనుకోండి. అడుగు లోతు కుండీలో పైన ఇంకా 26 సెంటీమీటర్ల మట్టిలో వేళ్లకు గాలి ఆడుతుంది. నాలుగు సెంటీమీటర్ల బోన్సాయ్ తట్టలో? తట్ట మొత్తం బురదే. వేరు కూడా ఊపిరి పీల్చాలి. గాలి అందని వేరు కొద్ది రోజుల్లోనే చచ్చి, కుళ్లు తెగులు శిలీంధ్రాలకు ఆహారమవుతుంది. చిన్న తట్ట కదా, త్వరగా ఆరుతుందిలే అనుకోవడం ఇక్కడే దెబ్బతీస్తుంది. గదిలో ఎండా గాలీ లేవు కాబట్టి అది ఆరదు కూడా.

అడుగున కంకర పొర వేస్తే నీళ్లు దిగిపోతాయన్నది ఇంకో భ్రమ. మెత్తటి మట్టి పూర్తిగా నానితే తప్ప నీరు కింద ఉన్న పెద్ద రాళ్లలోకి దిగదు. తడి పొర పైకి జరుగుతుంది, వేళ్లకు ఉన్న చోటు ఇంకా తగ్గుతుంది. రంధ్రం మీద దోమల జాలీ ముక్క ఒక్కటి చాలు.

అమ్మకానికి వచ్చే మొక్కలు చాలావరకు రెండు రకాల మట్టిలో ఉంటాయి. కడియం వైపు నర్సరీల నుంచి వచ్చే మర్రి జాతులు బంకమట్టి ముద్దతో వస్తాయి. రసపు మొక్కలు వట్టి కొబ్బరి పొట్టులో వస్తాయి. బంకమట్టి తడిస్తే జిగురు, ఎండితే ఇటుక. కొబ్బరి పొట్టు తడిస్తే వారాలు ఆరదు, ఒకసారి పూర్తిగా ఎండితే కుంచించుకుపోయి, పోసిన నీళ్లన్నీ అంచుల వెంట జారిపోతాయి. వేరు దగ్గరికి చుక్క చేరదు. మన చిత్తూరు వైపు ఎర్రమట్టి నేలలో చెట్టుకు ఎంత మంచిదైనా, లోతులేని తట్టలో అది కూడా గట్టిపడిపోతుంది. కొన్ని తట్టల్లో పైన గులకరాళ్లను జిగురుతో అతికించి ఇస్తున్నారు. ఆ రాతి పలక కింద తడి ఉందో లేదో తెలుసుకునే దారే లేదు. కొన్న రోజే పెకలించి తీసేయండి.

మంచి మట్టి ఇంట్లోనే తయారవుతుంది. మూలవస్తువు బాగా కాలిన ఎర్ర ఇటుక. సగం కాలినది పనికిరాదు. ముక్కలు చేసి రాత్రంతా నీళ్లలో నానబెట్టి వేళ్లతో నలిపితే నీళ్లు ఎర్ర బురద కాకూడదు. సిమెంటు ఇటుక, బూడిద ఇటుక అసలు వద్దు, వాటిలోని సున్నపు గుణం మట్టిని చెడగొడుతుంది. సుత్తితో కొట్టి, పాత జల్లెళ్లు రెండు తీసుకోండి. పెద్ద రంధ్రాల జల్లెడలోంచి రాలి, చిన్న రంధ్రాల జల్లెడ మీద నిలిచినదే మనకు కావలసిన సైజు, సుమారు 2 నుంచి 5 మిల్లీమీటర్లు. కింద పడ్డ పొడిని పారేయండి. ఆ పొడి ఉంటే ఇంత కష్టమూ వృథా, రేణువుల మధ్య సందులన్నీ అదే పూడ్చేస్తుంది. ఇసుక కూడా అలాగే. స్వర్ణముఖి ఇసుక అయినా, క్వారీ ఇసుక అయినా జల్లించి, కడిగిన నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి.

జేడ్, అడీనియం, జెముడు జాతులకు ఇటుక ముక్కలు 5 పాళ్లు, ముతక ఇసుక 3, చిన్న బొగ్గు ముక్కలు 1, వర్మీ కంపోస్టు 1. మర్రి, రావి, జువ్వి జాతులకు ఇటుక 5, ఇసుక 2, బొగ్గు 1, కంపోస్టు 2. దోసెడు మట్టికి చెంచాడు వేపపిండి కలిపితే వేరు పురుగుకు కాస్త అడ్డు. తట్ట నింపాక చెంబుడు నీళ్లు పోయండి. పది సెకన్లలో అడుగు నుంచి బయటికి రావాలి, పైన గుంటలా నిలవకూడదు. నిలిస్తే పొడి మిగిలిందని అర్థం, మళ్లీ జల్లించాలి.

మట్టి మార్చడానికి మర్రి జాతులకు ఫిబ్రవరి–మార్చి మంచి కాలం, తప్పితే జూలైలో వాన పడి చల్లబడ్డాక. బంకమట్టి ముద్దను బొక్కెన నీళ్లలో గంట నానబెట్టి, చీపురుపుల్లతో మెల్లగా విడదీసి, ధార కింద కడగాలి. వేళ్లలో మూడో వంతుకు మించి కత్తిరించకండి, ఎంత వేరు తీశారో అంత ఆకు కూడా తగ్గించండి. వెంటనే నాటి, నిండా నీళ్లు పోసి, రెండు వారాలు ఎండ తగలని వెలుతురులో ఉంచాలి. రసపు మొక్కల పద్ధతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. అడీనియం, జేడ్ వేళ్లు కత్తిరించాక నీడలో మూడు నుంచి ఐదు రోజులు వట్టిగా ఆరనిచ్చి, గాయం పెచ్చు కట్టాక పొడి మట్టిలో నాటాలి. ఆ తర్వాత ఇంకో ఐదు రోజులకు గానీ మొదటి తడి ఇవ్వకూడదు. ఈ రెండు పద్ధతులనూ కలగలిపి చేసే పొరపాటుకు చాలా మొక్కలు బలవుతాయి.

నీళ్లు

‘వారానికి ఒకసారి’ అని రాసి ఉన్న చీటీని నమ్మకండి. మే నెలలో తూర్పు బాల్కనీలో ఉన్న చిన్న జేడ్‌కు నాలుగైదు రోజులకొకసారి కావలసి రావచ్చు, అదే మొక్కకు నవంబరు ముసురులో పన్నెండు పదిహేను రోజులైనా అక్కర్లేకపోవచ్చు. ఇటుక మట్టిలోని మర్రి తట్టకు మే నెలలో పొద్దునా సాయంత్రం రెండు పూటలా పోయాలి, నవంబరులో రెండు మూడు రోజులకొకసారి చాలు. క్యాలెండరు చెప్పలేనిది అగరుబత్తి పుల్ల చెబుతుంది. కాలిపోయిన బత్తి పుల్లను కడిగి ఆరబెట్టి, తట్ట అంచు దగ్గర అడుగు దాకా గుచ్చి పది నిమిషాలు ఉంచండి. తీసి పెదవికి ఆనించి చూస్తే చల్లదనం తెలుస్తుంది. రసపు మొక్కకు పుల్ల కొస కూడా పొడిగా ఉన్నప్పుడే నీళ్లు. మర్రి జాతికి పై సెంటీమీటరు ఆరి, కింద ఇంకా తడి ఉన్నప్పుడే పోసేయాలి, పూర్తిగా ఎండనివ్వకూడదు.

పోసేటప్పుడు మాత్రం పిసినారితనం వద్దు. గ్లాసుడు పోస్తే పైపైన తడిసి, అడుగు వేళ్లు ఎండుతాయి. కింది రంధ్రంలోంచి ధార వచ్చేదాకా పోసి, ఐదు నిమిషాలు ఆగి మరోసారి పోయాలి. కింద పెట్టిన సాసరులో నిలిచిన నీళ్లు పారబోయాలి. ఆకుల మీద స్ప్రే కొట్టడం నీళ్లు పోయడం కాదు. ఆకు మీది దుమ్ము పోతుంది, అంతవరకే దాని ఉపయోగం. రసపు మొక్కల ఆకు మొదట్లో నీరు నిలిస్తే రాత్రికి రాత్రే కుళ్లు మొదలవుతుంది.

ఏ నీళ్లన్నది కూడా మనకు ముఖ్యమే. తిరుపతి, చిత్తూరు బోరునీళ్లు చాలా చోట్ల ఉప్పునీళ్లు. తట్ట అంచున, మట్టి పైన తెల్లటి పొర కడుతుందంటే అదే. దీనికి తోడు, వృథా చేయకూడదన్న మంచి ఉద్దేశంతో ఆర్‌ఓ ఫిల్టరు వదిలే నీళ్లను పట్టి మొక్కలకు పోస్తున్నారు. ఫిల్టరు తాగే నీళ్లలోంచి తీసేసిన ఉప్పంతా ఆ నీళ్లలోనే చిక్కబడి ఉంటుంది. గిన్నెలకు, బాత్రూము కడగడానికి వాడండి, తట్టలో మాత్రం పోయకండి. ఏసీ గొట్టంలోంచి కారే నీళ్లు దాదాపు ఉప్పు లేనివి, ఎండాకాలమంతా ఉచితంగా దొరికేవి. బకెట్ పెట్టి పట్టుకోండి. ఈశాన్య రుతుపవనాల వాన వచ్చినప్పుడు నాలుగు డబ్బాలు నింపి మూతపెట్టి ఉంచుకున్నా మంచిదే. బోరునీళ్లు తప్ప గతిలేని వాళ్లు నెలకొకసారి మంచినీళ్లతో, తట్ట పరిమాణానికి మూడింతలు, మట్టిని కడిగేయాలి. కొత్త ఆకులు పసుపు తిరిగి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలితే అది ఇనుము అందని లక్షణం. ఎరువుల దుకాణంలో దొరికే చిలేటెడ్ ఐరన్ లీటరుకు అర గ్రాము కలిపి సాయంత్రం పూట ఆకులపై చల్లితే పది రోజుల్లో తేడా కనిపిస్తుంది.

ఎరువు గురించి ఎక్కువ చెప్పను. రైతులు వాడే 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే ఎరువు) లీటరుకు ఒక గ్రాము, ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా పదిహేను రోజులకొకసారి, ముందు మామూలు నీళ్లతో తడిపాక. జబ్బుపడ్డ మొక్కకు అసలు వేయొద్దు.

ఏ మొక్క తెచ్చుకోవాలి

జునిపర్ తేవద్దు. ఆన్‌లైన్ ఫొటోల్లో బోన్సాయ్ అంటే అదే కనిపిస్తుంది, కానీ దానికి చలికాలపు విశ్రాంతి కావాలి, మన మైదానంలో అది దొరకదు. పచ్చగానే ఉందనుకుంటూ ఉండగానే లోపల చచ్చి ఉంటుంది. ఆకు రంగు మారడానికి వారాలు పడుతుంది. గులాబీ పువ్వులా విచ్చుకున్న ఎచివేరియాలు మెక్సికో ఎత్తైన ప్రాంతాలవి, రాత్రి చల్లబడితేనే వాటికి సుఖం. ఇలాంటి రసపు మొక్కల్లో చాలావరకు పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లదనంలోనే తెరుచుకుని గాలి పీలుస్తాయి. తిరుపతిలో మే రాత్రి కూడా గోడలు వేడి కక్కుతూ ఉంటాయి. మొగిలి ఘాట్ ఎక్కాక పలమనేరు, కుప్పం వైపు ఉన్నవాళ్లు ఎచివేరియా ప్రయత్నించవచ్చు. కింద ఉన్న మనం ఆ డబ్బుతో రెండు జేడ్‌లు తెచ్చుకోవడం మేలు.

ఆ జేడ్ అన్నది కూడా పేరులో చిన్న తేడా. మన నర్సరీల్లో జేడ్ అని అమ్మేది ఎక్కువగా పోర్చులకారియా. దక్షిణాఫ్రికా మొక్క, ఎర్రటి కాడ, గోరంత ఆకు. అసలు జేడ్ అయిన క్రాసులా ఆకు దానికంటే పెద్దది, మందం. మన ఎండకు పోర్చులకారియాయే గట్టిది, బోన్సాయ్ నేర్చుకోవడానికీ అదే మేలు. కత్తిరించిన ప్రతి కొసా రెండుగా చీలుతుంది, కత్తిరించిన పది సెంటీమీటర్ల ముక్క మూడు నాలుగు రోజులు ఆరితే మరో మొక్క అవుతుంది. తప్పు చేసినా నష్టం ఉండదు. దాని తర్వాత అడీనియం, దానికి ఎండ ఎంతైనా చాలదు. డిసెంబరులో ఆకు రాల్చేస్తే చచ్చిందనుకుని నీళ్లు పెంచొద్దు, నిద్రపోతోంది. దుంప గట్టిగా ఉన్నంతవరకు క్షేమం. ఫిబ్రవరిలో కొమ్మలు కత్తిరిస్తే వేసవికి పూస్తుంది. పిల్లలున్న ఇళ్లలో జాగ్రత్త. అడీనియం రసం విషం, జెముడు పాలు కంట్లో పడితే ప్రమాదం. కత్తిరించాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

చెట్టులా కనిపించే బోన్సాయే కావాలంటే మర్రి జాతులు. ‘జిన్‌సెంగ్ ఫైకస్’ అని లావు వేళ్లతో అమ్మేదానికి పైన చిన్న ఆకుల రకాన్ని అంటుకట్టి ఉంటారు. అంటు కింది నుంచి పెద్ద ఆకుల చిగురు వస్తే గిల్లేయాలి, లేకపోతే అదే పై కొమ్మల తిండి లాగేస్తుంది. కొని తెచ్చిన వారంలో ఆకులు రాలడం ఈ జాతికి మామూలు. చోటు మారినందుకు అలా చేస్తుంది. ఆకు లేని మొక్క నీళ్లు తక్కువ తాగుతుంది కదా, అప్పుడే భయపడి ఎక్కువ పోసి చంపేస్తారు.

అసలు కొనాల్సిన అవసరం కూడా లేదంటాను. మీ పిట్టగోడ మీది రావి ఉంది కదా. జూలైలో రెండు మూడు వానలు పడ్డాక, పగులు నానినప్పుడు వేలెడంత మొక్కను వేరుతో సహా మెల్లగా లాగితే వస్తుంది. గోడకూ మంచిదే. మర్రి అయితే పెన్సిలు లావు కొమ్మ నాటినా వేరు పడుతుంది. ఇంట్లో రావి, మర్రి పెంచకూడదన్న పెద్దల మాట గోడలు పగులుతాయన్న భయంతో చూస్తే న్యాయమైనదే. తట్టలో, బాల్కనీలో ఉన్నదానికి ఆ భయం లేదు. అయినా మనసొప్పకపోతే జేడ్ ఉంది. కొండ మీది మొక్కలను మాత్రం ముట్టుకోవద్దు. శేషాచలం కొండల్లో రాతి సందున వంకర తిరిగిన చెట్టు ఎంత అందంగా ఉన్నా అక్కడ 1989 నుంచి శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం ఉంది, 2010లో ఆ కొండలను జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. అక్కడి నుంచి పెకలించడం నేరం. పైగా ఆ వయసు చెట్టు తట్టలో బతకడం కొత్తవాళ్ల చేతుల్లో అయ్యే పని కాదు.

జబ్బు చేస్తే

ఆకు ముడతలు పడితే దప్పిక అనుకుంటాం. ముందు పుల్ల గుచ్చి చూడండి. మట్టి పొడిగా ఉండి ముడతపడితే దప్పికే, నీళ్లు పోసిన రెండు రోజుల్లో ఆకు నిండుతుంది. మట్టి తడిగా ఉండి కూడా ముడతపడితే వేళ్లు చచ్చి నీళ్లు లాగలేకపోతున్నాయి. అప్పుడు పోసే ప్రతి చెంబూ హాని చేస్తుంది. ఆకు పసుపు తిరిగి, గాజులా పారదర్శకమై, తాకగానే ఊడితే అదీ కుళ్లే. మొక్కను బయటికి తీసి, మట్టి దులిపి, నల్లబడ్డ మెత్తటి భాగాన్ని శుభ్రమైన బ్లేడుతో తెల్లటి గట్టి భాగం వచ్చేదాకా కోయాలి. ఒక్కో కోతకూ బ్లేడు తుడవాలి. మధ్యలో గోధుమరంగు చుక్క మిగిలినా కుళ్లు మళ్లీ పాకుతుంది. నీడలో వారం ఆరబెట్టి, పొడి ఇటుక మట్టిలో నిలబెట్టి, ఇంకో వారం తర్వాత తడి ఇవ్వండి. అడీనియం దుంప సగం పోయినా ఇలా దక్కుతుంది. మర్రి జాతికి ఈ ఆరబెట్టడం పనికిరాదు. కుళ్లిన వేరు కత్తిరించి, కొమ్మలు తగ్గించి, కొత్త మట్టిలో నాటి, పైన పల్చటి ప్లాస్టిక్ సంచి కప్పి నీడలో ఉంచాలి.

కాడలు సన్నగా సాగి, ఆకుల మధ్య దూరం పెరిగి, మొక్క ఒకవైపు వాలితే అది వెలుతురు ఆకలి. సాగిన కాడ మళ్లీ పొట్టిగా మారదు. వెలుగులోకి మార్చాక కత్తిరించాల్సిందే.

మామిడి రైతులకు తెలిసిన పిండినల్లే ఇక్కడా మొదటి శత్రువు. ఆకు కాడ మొదట్లో దూది పింజల్లా కూర్చుంటుంది. చీమలు వరుస కట్టాయంటే నల్లి ఉన్నట్టే లెక్క, దాని తీపి రసం కోసం చీమలే మొక్క నుంచి మొక్కకు మోస్తాయి. నాలుగైదు ఉంటే ఇయర్ బడ్‌ను స్పిరిట్‌లో ముంచి తుడవాలి. ఎక్కువుంటే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, 2 మిల్లీలీటర్ల గిన్నెల సబ్బు ద్రవం కలిపి, పొద్దు వాలాక చల్లాలి, వారానికొకసారి మూడు సార్లు. ఒక్కసారితో ఆపేస్తే గుడ్లు పొదిగి మళ్లీ వస్తుంది. వేపనూనె పడ్డ ఆకు మరుసటి రోజు ఎండలో మాడుతుంది కాబట్టి ఆ రోజు నీడలో ఉంచండి. అడీనియం ఆకు అడుగున సన్నటి సాలెగూడు, పైన ఇసుక చల్లినట్టు చుక్కలు కనిపిస్తే ఎర్రనల్లి. ఎండాకాలపు పొడి గాలికి వస్తుంది. కొళాయి ధారతో ఆకు అడుగును కడిగితే సగం పోతుంది.

పిట్టగోడ మీది రావితో మొదట పెట్టిన పోలిక ఒకచోట కుదరదు. దాని వేళ్లు గోడ లోపలి చల్లదనంలోకి దిగి ఉంటాయి. తట్టలోని వేళ్లు అంచుకే ఆనుకుని ఉంటాయి. మే నెలలో మిద్దె మీద కాంక్రీటు మీద పెట్టిన తట్టలో వేరు ఉడికిపోతుంది. రెండు ఇటుకల మీద చెక్క వేసి, దాని మీద తట్ట పెట్టి, కింద గాలి ఆడనివ్వండి. ఏప్రిల్ నుంచి జూన్ మధ్య దాకా పచ్చ నెట్ కింద ఉండాలి. అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు దాకా రసపు మొక్కలన్నీ కప్పు కిందికి రావాలి. 2021 నవంబరు లాంటి వాన పడితే ఎంత మంచి ఇటుక మట్టి అయినా రోజుల తరబడి ఆరదు. కపిలతీర్థం, అలిపిరి వైపు కొండ అంచున ఉన్న ఇళ్లలో కోతులు తట్టలను దొర్లించి చిగురు తింటాయి. అక్కడ గ్రిల్లు లోపలే పెట్టి, తట్టను గ్రిల్లుకు రాగి తీగతో రెండు చోట్ల కట్టేయాలి. రంధ్రంలోంచి తీగ పైకి తీసి మొక్క మొదలును కూడా తట్టకు కట్టి ఉంచితే కొత్త వేళ్లు కదలకుండా పడతాయి.

పది రోజులు ఊరికి వెళ్లాల్సి వస్తే జేడ్‌కు, అడీనియానికి ఏమీ చేయక్కర్లేదు. వెళ్లే ముందు రోజు పుల్ల పెట్టి చూసి, పొడిగా ఉంటే నిండా పోసి, నేరుగా ఎండ పడని చోటికి జరిపి తలుపు వేసుకుని వెళ్లండి. మర్రి తట్టకు మాత్రం ఒత్తి కట్టాలి. తట్టకంటే ఎత్తులో బకెట్ నిండా నీళ్లు పెట్టి, పాత నూలు పంచె అంచు చింపిన గుడ్డ పేలికను ముందే తడిపి, ఒక కొస బకెట్ అడుగు దాకా, రెండో కొస మట్టిలో రెండు వేళ్ల లోతున పూడ్చాలి. ఎంత వేగంగా లాగుతుందో తెలియాలి కాబట్టి ప్రయాణానికి మూడు రోజుల ముందే కట్టి, బకెట్‌లో నీటి మట్టం దగ్గర గీత పెట్టి చూసుకోండి. రోజుకు అర లీటరు దాటి తగ్గుతుంటే పేలిక సన్నది చేయాలి, మట్టి పైన ఆరిపోతుంటే రెండో పేలిక వేయాలి.